హార్నెస్ కోసం రియాద్ నుంచి జుబైల్ దాకా

ఎనిమిదేళ్లు సౌదీలో పరంజాలు కట్టాను. నేను కట్టినవి ఎక్కి వేరేవాళ్లు పని చేసేవాళ్లు. ఈ ఏడాది తాడు మీద వేలాడుతూ పనిచేసే రోప్ యాక్సెస్ శిక్షణ పాసయ్యాను. జుబైల్‌లో ఒక ప్లాంటును మరమ్మతులకని ఆపుతున్నారు, ఆ షట్‌డౌన్‌కు రోప్ జట్టులో చోటు దొరికింది. కానీ సూపర్‌వైజర్ ఒక మెలిక పెట్టాడు. శనివారం పొద్దున ప్రతి ఒక్కరినీ హార్నెస్‌తో, అంటే తాడుకు తగిలించేందుకు ఒంటికి బిగించుకునే పట్టీలతో, వేలాడదీసి చూస్తారట. ఒంటికి కుదరనివాడు మళ్లీ పరంజాల దగ్గరికే. కంపెనీ స్టోర్‌లో ఉన్నవన్నీ భారీ మనుషులవి. నేనేమో ఐదడుగుల నాలుగంగుళాలవాణ్ణి. సొంతంగా కొనుక్కోక తప్పలేదు.

శుక్రవారం పొద్దున ఐదింటికి రియాద్‌లోని బతా పేట నుంచి ఖాదర్ అన్న కారులో బయలుదేరాం. ఆయనదీ మా రాయచోటే, రియాద్‌లో పాత డ్రైవరు. పెట్రోలుకూ దారిలో టీలకూ కలిపి నూట ఇరవై రియాళ్లయింది. కారు దొరకనివాళ్లు రైల్లో దమ్మామ్ చేరి, అక్కణ్ణుంచి గంటసేపు టాక్సీలో వెళ్లొచ్చు. దారి పొడుగునా ఖాదర్ అన్న సలహాలే.

"రమణా, ఒక సైజు పెద్దది తీసుకోరా. రెండేండ్లకు ఒళ్లు వస్తాది, అప్పుడు మళ్లీ కొంటావా?"

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. మా ఇంట్లో బడి చొక్కాలు కూడా అట్లాగే కుట్టించేవాళ్లు.

పదింటికి జుబైల్ చేరేసరికి హార్నెస్‌లు అమ్మే షాపు షట్టరు దించి ఉంది. జుమ్మా రోజు సాయంత్రం నాలుగు దాకా తెరవరని ఇన్నేళ్లుండీ మరిచిపోయాను. ఖాదర్ అన్న నమాజుకు వెళ్లొచ్చాక ఇద్దరం ఒక మెస్‌లో కూర్చుని పన్నెండేసి రియాళ్లకు అన్నం, పప్పు, చేపల వేపుడు సుష్టుగా తిన్నాం. తర్వాత తెలిసింది, కడుపు నిండాక నడుము బెల్టు చూసుకోవడమే మంచిదట.

షాపాయన ఇమ్రాన్ భాయ్, పెషావర్ మనిషి, ఒకప్పుడు తాళ్ల మీద పనిచేసినవాడే. ముందు పరంజాల పనిలో వాడిన నా పాత హార్నెస్ చూపించమన్నాడు. దానికి వీపు మీద రింగు ఒక్కటే ఉంది. జారితే పట్టుకోవడానికి అది చాలు కానీ, కూర్చుని దిగడానికి బొడ్డు దగ్గరా రింగు కావాలి, మొదటిది తెగితే కాపాడే రెండో తాడుకు ఛాతీ మీదా ఉండాలి. తర్వాత కొత్తదాని మీద తయారైన తేదీ, ప్రమాణం ముద్ర, సీరియల్ నంబరు ఉన్న లేబుల్ చదివించాడు. కుట్లన్నీ వేలితో తడిమించాడు.

నేను మీడియం తొడుక్కున్నాను. హాయిగా ఉంది. ఖాదర్ అన్న "చెప్పినా కదా!" అన్నాడు.

ఇమ్రాన్ భాయ్ దూలానికి కట్టిన తాడు చూపించి, "పహలే లటక్ కే దేఖో, ఫిర్ పసంద్ కరో" అన్నాడు. ముందు వేలాడి చూడు, నచ్చిందో లేదో తర్వాత చెప్పు, అని.

వేలాడాను. ఛాతీ రింగు గడ్డానికి తగిలింది. నడుము బెల్టు పక్కటెముకల మీదికి ఎగబాకింది.

సంచిలో తెచ్చుకున్న కవరాల్, పనిలో ఒళ్లంతా కప్పే ఆ చొక్కా-ప్యాంటు, వేసుకుని, జేబులు ఖాళీ చేసి, ఈసారి స్మాల్ తొడిగాను. నడుము బెల్టు తుంటి ఎముకల పైన కూర్చుంది. వీపు రింగు రెండు రెక్కల మధ్యకు వచ్చింది. తొడ పట్టీల్లో అరచెయ్యి దూరింది, పిడికిలి దూరలేదు. బకిల్ దాటి పట్టీ జానెడు మిగిలింది. పది నిమిషాలు వేలాడాను. ఎడమ కాలు తిమ్మిరెక్కితే దిగి, ఆ పట్టీని కుడిదానితో సమానం చేసి మళ్లీ వేలాడాను. ఈసారి తిమ్మిరి లేదు. పదమూడు వందల రియాళ్లు ఇచ్చేటప్పుడు చెయ్యి వెనక్కి రాలేదు.

శనివారం ప్లాంటు గేటు దగ్గర సౌదీ సేఫ్టీ ఆఫీసరు నన్ను వేలాడదీసి, ప్రతి పట్టీ లాగి చూసి, "తమామ్" అన్నాడు. అంతా సరిగ్గా ఉందని. ఆ తర్వాత మా జట్టులో ముగ్గురిని పిలిచి, "ఇతన్ని చూసి మీవి సర్దుకోండి" అన్నాడు. నా ఛాతీ పొంగి పట్టీ ఎక్కడ బిగుతవుతుందోనని భయపడ్డాను! ఖాదర్ అన్నకు ఫోటో పంపితే, దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఇలా రాశాడు: "మా రమణ. సైజు చెప్పింది నేనే."

చిన్నప్పుడు పెరుగుతానని వదులుగా కుట్టించారు. ఇక్కడికొచ్చాక కంపెనీ ఏ కవరాల్ ఇస్తే దాని చేతులు మడుచుకుని తిరిగాను. ముప్పై నాలుగేళ్లకు, నా ఒంటికే సరిపోయేలా చూసి తీసుకున్న మొదటి వస్తువు ఇది. ఆ పొద్దున ఎనభై మీటర్ల టవరు మీద కూర్చుని, నేను కట్టని పరంజాలను కిందికి చూస్తుంటే గర్వంగా అనిపించింది, దాచుకోను. మీరు కొనబోతుంటే ఒక్కటే మాట: పనికి వేసుకునే బట్టలతో వెళ్లి, షాపులోనే పది నిమిషాలు వేలాడండి. వేలాడనివ్వని షాపులో కొనకండి.