ట్రిగ్గర్‌లో వదులు

కువైట్‌లోని జాబ్రియాలో నేను పదకొండేళ్లుగా డ్రైవరుగా చేస్తున్న ఇంటి పెద్దాయన దగ్గర పాత మిలిటరీ తుపాకి ఒకటి ఉండేది. ఒకప్పుడు సైన్యంలో చేసినవాడు. మేమంతా బాబా అనేవాళ్లం. చలికాలంలో ఎడారిలో గుడారాలు వేసుకుని ఉన్నన్నాళ్లూ ఖాళీ డబ్బాలను గురిచూసి కొట్టడం ఆయన సరదా. తుపాకి తుడిచి నూనె రాసే పని నాది.

దాని ట్రిగ్గర్ వదులు. వేలు పెట్టి లాగితే కొంతదూరం ఊరికే వచ్చేది, ఆ తర్వాతే బిగువు తగిలేది. ఇక్కడికి రాకముందు నేను రాయచోటిలో మోపెడ్లు బాగుచేసేవాణ్ణి. క్లచ్ వైరు వదులైతే బిగించడమే తెలుసు. ఎవరూ అడక్కుండానే, సందులో సన్నటి రేకుముక్క దూర్చి ఆ వదులు లేకుండా చేశాను. బాబా మెచ్చుకుంటాడని ఆశ. నా పనితనం మీద నాకంత పొగరు.

మర్నాడు సాయంత్రం బాబా పెద్దకొడుకు డబ్బాలు పేర్చి పక్కకు తప్పుకుంటున్నాడు. బాబా తుపాకి భుజానికి ఆనించి, ఎప్పటిలాగే వదులుందనుకుని వేలు లాగి బిగువు దగ్గర ఆగబోయాడు. తుపాకి పేలింది. కొడుకు కాళ్ల దగ్గర ఇసుక లేచింది. ఆ వదులు లోపం కాదని, ఆగి ఊపిరి బిగబట్టుకోవడానికి పెట్టిందని అప్పుడు తెలిసింది నాకు.

ఎవరికీ ఏమీ కాలేదు. కొడుకు అరవలేదు కూడా, తండ్రి చేతిలోంచి తుపాకి మెల్లగా తీసుకున్నాడు. బాబా తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఖలాస్. ఈ చెయ్యి ఇంక నా మాట వినదు," అన్నాడు.

తుడిచేటప్పుడు రేకుముక్క తీసి ఇసుకలో పూడ్చేశాను. అదే ఇంట్లో వంట చేసే నా భార్యకు మాత్రం చెప్పాను.

"నోరు మూసుకోని ఉండు. తెలిస్తే ఇద్దురి ఇఖామా కాగితాలూ రద్దు చేసి ఇంటికి తోల్తారు. పాప చదువు సగంలో ఉండాది," అంది. కాసేపటికి తనే, "ఆయప్ప చెయ్యి బాగనే ఉందని మనిద్దురికే తెల్సు గదా," అని ఏడ్చింది.

బాబా మళ్లీ తుపాకి ముట్టలేదు. ఒలుకుతుందేమోనని గావా కాఫీ కప్పు పట్టడమూ మానేశాడు. నిజానికి ఆ చెయ్యి వణకడం నేనెన్నడూ చూడలేదు. పోయిన చలికాలం ఆయన పోయాడు. ఆఖరి నెలల్లో అన్నం నేనే తినిపించేవాణ్ణి.

"నీది నమ్మకమైన చెయ్యి," అనేవాడు.

ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది. చెప్పే బదులు ఇంకో ముద్ద కలిపి నోటికి అందించేవాణ్ణి.