బోకులు యాడికీ పోవు

పోయిన వారం ఎమ్మిగనూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనమయ్యాక చేతులు కడుక్కోవడానికి మంటపం వెనక్కి పోతే, అక్కడ నలుగురు ఆడవాళ్ళు పెద్ద పెద్ద డేగిశాలు పక్కకు వాల్చుకొని, బూడిదలో పిండేసిన నిమ్మచెక్కలు అద్దుకుంటూ తోముతున్నారు. తడి బూడిద వాసన, దాని మీద నిమ్మ వాసన. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. స్టేజీ మీద ఫొటోకు రమ్మని మా ఆయన రెండుసార్లు కబురు పంపాడు. ఫొటో లేకపోతే పెళ్ళి ఆగిపోతుందా ఏమిటి, నేను కదల్లేదు. వాళ్ళలో ఒకామె నా పట్టుచీరను ఎగాదిగా చూసి, "ఏమక్కా, ఈడేమన్నా పారేసుకున్యావా?" అని అడిగింది. "లేదమ్మా, మా ఆదోనిలో ఒకామె గుర్తుకొచ్చింది" అన్నాను. ఆమె నవ్వి ఇంకో నిమ్మచెక్క అందుకుంది.

ఆ ఒకామె దస్తగిరమ్మ పెద్దమ్మ. నాకు చుట్టం కాదు. ఆదోనిలో మా అత్తగారింటికీ వాళ్ళింటికీ నడుమ ఒక్కటే గోడ, అంతే. వాళ్ళది దూదేకుల కుటుంబం. ఆమె భర్త పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. ఎప్పుడు చూసినా ఆమె జుట్టులో, కనుబొమ్మల మీద ఇంత దూది నూగు అంటుకొని ఉండేది. మనిషి బక్కపలుచన. గొంతు మాత్రం జిన్నింగు మిల్లు సైరను. ఆ గొంతు తగ్గించి మాట్లాడటం నేనెన్నడూ వినలేదు, రహస్యం చెప్పేటప్పుడు కూడా.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మా మామ సుంకన్న పత్తి యార్డులో తూకాలు వేసేవాడు. పత్తి కాలం వచ్చిందంటే జొన్నగిరి దిక్కునుంచీ, నందవరం దిక్కునుంచీ రైతులు సరుకు తెచ్చి, వేలంపాట అయ్యేదాకా ఆదోనిలోనే పడి ఉండేవాళ్ళు. వాళ్ళలో తెలిసినవాళ్ళూ, తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళూ మా ఇంట్లోనే తినేవాళ్ళు. మా మామకు మనిషి కనబడితే చాలు, "తిన్యావా అప్పా?" అంటాడు. లేదంటే చెయ్యి పట్టుకొని లాక్కొచ్చేస్తాడు. పుణ్యం ఆయనకు, అంట్లు మాకు! మాకు అంటే నాకే. పెద్దకోడలు సావిత్రక్క వంట, చిన్నకోడల్ని నేను కాబట్టి నాకు అంట్లు. నేను మెట్టెలతో గడప దాటిన వారానికే ఆ పంపకం అయిపోయింది. మా వైపు అంట్ల గిన్నెలను బోకులంటారు.

పెద్దమ్మతో నా పరిచయం ఒక ఎనుము వల్ల జరిగింది. పెరట్లో మా అత్తకు ఒక పాడి ఎనుము ఉండేది, దాని పక్కన కుడితి తొట్టి. బియ్యం కడిగిన నీళ్ళు, మిగిలిన సంగటి, కంచాలు తొలిచిన నీళ్ళు అన్నీ అందులో పోయాలని చెప్పారు. మా పుట్టింట్లో గొడ్డూ గోదా లేవు, నాకేం తెలుసు? సబ్బుపొడి వేసి కంచాలన్నీ శుభ్రంగా తోమి, ఆ నురగ నీళ్ళు తీసుకెళ్ళి తొట్టిలో కుమ్మరించాను. ఎనుము ముట్టె పెట్టింది, బుస్సుమంది, కొమ్ముతో ఒక్క పోటు పొడిచి తొట్టిని బోర్లా తోసేసింది. ముట్టె నిండా నురగ, పెరడంతా కుడితి. నేను కొయ్యబారి నిలబడి ఉంటే గోడ మీద ఒక తల లేచింది.

"ఏమ్మే పాపా, ఎనుముకు తలంటు పోస్తాండావా?"

నాకు ఏడుపొచ్చేసింది. లోపలినుంచి మా అత్త, "ఏమయిందే ఆడ?" అని కేకేసింది. నేను నోరు తెరిచేలోగా గోడమీది తల అందుకుంది: "ఏంలే ఈరమ్మా! మా పిల్లి దూకి తొట్టి పడేసింది."

"అంత తొట్టినా? పిల్లా?"

"మా పిల్లి గదా. బాగా మేపినాం."

నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆమె నా వైపు తిరిగి తనకు చేతనైనంత మెల్లగా, అంటే వీధి చివరికి వినబడేలా చెప్పింది: "ముందు ఉత్తనీళ్ళతో ఎంగిలి తొలుచు, అది ఎనుముకు. సోపు తర్వాత. సోపు నీళ్ళు కాలవకు. ఇంగ కండ్లు తుడుసుకో." ఆ రోజునుంచీ నేను ఆమె బడిలో చేరినట్టే.

ఆ బడికి వేళాపాళా లేదు. గోడ మీంచి ఎప్పుడు పడితే అప్పుడు పాఠం. మా వీధికి కొళాయి రోజు మార్చి రోజు వచ్చేది, అదీ దారంలాగా. అందుకని నీళ్ళ పొదుపే మొదటి పాఠం. ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, ఆఖరికి బూడిదా నిమ్మచెక్కా పెట్టి మసి గిన్నెలు. కంచాలు జాడించిన నీళ్ళు పారబోయకుండా మసి గిన్నెల మొదటి తోముడుకు వాడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏ గిన్నెనూ ఎండనివ్వకూడదు. పొద్దున లేస్తే ఎవరైనా ఎదుటివాళ్ళను "తిన్నావా?" అని పలకరిస్తారు. ఆమె మాత్రం, "సంగటి గిన్నెలో నీళ్ళు పోసినావా?" అని పలకరించేది. ఒకసారి నేను పోయడం మరిచి, అడుగున రాయిలా ఎండిన సంగటిని గరిటెతో ఠంగు ఠంగున పొడుస్తున్నాను. గోడ మీద తల లేచింది.

"దాంతో ఎందుకు కొట్లాడ్తావు? నానబెట్టి పో. నీ మొగునితో గూడా ఇట్లనేనా?"

"ఆయన నానినా కదలడు పెద్దమ్మా" అన్నాను. ఆమె నవ్విన నవ్వుకు గోడ మీది కాకులు లేచిపోయాయి.

అంట్లు కొండలా పేరుకున్నాక కూర్చుని ఏడవడం నా పద్ధతి. ఆమె పద్ధతి వేరు. "పోతా ఒగటి, వస్తా ఒగటి కడుగు పాపా. కూసోవద్దు. కూసుంటే నడుము పోతాది, మనసూ పోతాది" అనేది. నాలుగు రోజులు విసుక్కుంటూ చేశాను. ఐదోనాటికో ఆరోనాటికో మధ్యాహ్నం అంట్లు తోమే బండ దగ్గరికి పోయి చూస్తే, తోమడానికి ఏమీ లేదు! ఏం చేయాలో తోచక కాసేపు అక్కడే నిలబడ్డాను. అలా మిగిలిన మధ్యాహ్నాల్లోనే నేను టీచరు పరీక్షకు చదివాను. బండ పక్కనే పుస్తకం, గోడ అవతల పెద్దమ్మ దూది ఏకుతున్న చప్పుడు. మధ్యలో ఆమె, "సదువుతాండావా, నిద్రపోతాండావా?" అని అరిచి చూసేది. ఆ అరుపుకు నిద్రపోయేవాళ్ళెవరు?

పరీక్ష పాసయ్యాను. నందవరం అవతల ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. ఆదోనిలో పొద్దున్నే బస్సెక్కి, ఎమ్మిగనూరులో మారి పోవాలి. నా ఖర్మకొద్దీ అది సరిగ్గా పత్తి కాలం. మా అత్త మంచిదే, ఆ మాట ముందే చెప్పాలి. "ఉద్యోగం వద్దని నేననడంలే. ఈ బోకులు ఎవరు తోమాల, అది సెప్పు. సావిత్రికి రెండే చేతులు. నా మోకాళ్ళు సూడు" అంది. చూడక్కర్లేదు, రోజూ చూస్తున్నవే. వీధిలో పనిచేసే ఒకామెను అడిగితే, పత్తి కాలంలో మీ గడప తొక్కనని చెప్పేసింది. మా ఆయన "చూద్దాంలే" అన్నాడు. ఆ మాట అన్నాడంటే ఇక చూడడని నాకు తెలుసు. ఎన్నేళ్ళ చదువు, చివరికి మసిగిన్నెల దగ్గర ఆగిపోవాలా? గోడ దగ్గరికి పోయి, "నేను చేరనులే పెద్దమ్మా" అన్నాను.

గోడ మీది తల దిగిపోయింది. కాసేపటికి పెద్దమ్మ మా వీధి తలుపు తోసుకొని వచ్చి, మా మామ ముందు నిలబడింది.

"సుంకన్నా, పొద్దున పూట నీ సుట్టాలకు కంచాలెందుకు? జొన్నరొట్టి చేతిలో పెట్టి, దాని మీదనే కూర, చెనిక్కాయల చట్నీ ఎయ్యి. సేన్లో అందరూ అట్లనే గదా తినేది? కడిగేదానికి ఏముంటాది?"

"అది సేను, ఇది ఇల్లు" అన్నాడు మామ. "ఇంటికొచ్చిన మనిషికి కంచం పెట్టకుండా చేతిలో పెడితే, నా మర్యాద ఏం గావాల?"

"నీ మర్యాదను ఈ పిల్ల తోమాల్నా దినామూ?"

మామ మొహం ఎర్రబడింది. "ఇది మా ఇంటి యవ్వారం దస్తగిరమ్మా" అని లేచి యార్డుకు వెళ్ళిపోయాడు. ఆయన ఎవరితోనూ అంత కటువుగా మాట్లాడటం నేను చూడలేదు. ఆమె మాత్రం వెళ్తూ వెళ్తూ, "చేరే దినం ఎప్పుడో నాకు సెప్పు" అని నన్ను గద్దించి పోయింది.

ఆ రోజు రానే వచ్చింది. అంతవరకూ వెళ్తానని గానీ మానేస్తానని గానీ నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆశ చావక కొత్త నూలుచీర మాత్రం కట్టుకున్నాను. తెల్లవారకముందే జొన్నగిరి వైపు లారీలు దిగాయి, వసారా నిండా మనుషులు. చీర కుచ్చిళ్ళు దోపుకొని పోతా ఒకటి, వస్తా ఒకటి కడుగుతూనే ఉన్నాను. ఒక బంతి లేవడం, ఇంకో బంతి కూర్చోవడం. బండ మీద కంచాలు నా మోకాలి ఎత్తు లేచాయి. బస్సు టైము దగ్గర పడింది. మా అత్త గోడ పట్టుకొని, అమ్మా అని మూలుగుతూ బండ దగ్గర కూలబడి ఒక కంచం చేతిలోకి తీసుకుంది. అది చూశాక నా వల్ల కాలేదు. "లే అత్తా, నేను పోను" అన్నాను.

అప్పుడొచ్చింది పెద్దమ్మ. గోడ మీంచి కాదు, నేరుగా వంటింట్లోకి. సావిత్రక్క పెనం మీంచి తీసిన రొట్టెను చేత్తోనే అందుకొని, దాని మీద ఇంత వంకాయ కూర, ఇంత చట్నీ వేసి, వసారాలోకి పోయి, రైతులందరికంటే పెద్దాయన తిమ్మప్ప చేతిలో పెట్టింది. మా మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. తిమ్మప్ప రొట్టెను చూశాడు, పెద్దమ్మను చూశాడు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకొని, కళ్ళు మూసుకొని నమిలాడు.

"ఇది గదప్పా తిండంటే!" అన్నాడు. "సుంకన్నా, తప్పుగా అనుకోవాకు. ఇన్నాళ్ళూ నీ స్టీలు కంచాల ముందర కూసోని తింటాంటే ఆస్పత్రిలో తిన్నట్టుండె. మొగమాటానికి సెప్పలే."

పక్కనున్న వాళ్ళందరూ గొల్లున నవ్వి చేతులు చాపారు. చివరికి మా మామ కూడా చెయ్యి చాపాడు. "నాకూ ఒగటెయ్యి, దస్తగిరమ్మా."

అయినా బండ మీది కుప్ప అలాగే ఉంది. నేను మళ్ళీ దాని మీదికి వంగాను. కనీసం గ్లాసులైనా కడిగేసి పోదామని. పెద్దమ్మ వచ్చి నా రెక్క పట్టి లేపింది.

"ల్యాయ్. బోకులు యాడికీ పోవు. బస్సు పోతాది."

"ఇవన్నీ వదిలేసి ఎట్లా పోయేది పెద్దమ్మా?"

"ఇట్ల" అని, అత్త చేతిలోని కంచం లాక్కొని, దాని తడి బూడిద అంటిన చేత్తోనే నా వీపు మీద ఒక్క తోపు తోసింది. గడప బయట పడ్డాను. ఆటో పట్టి బస్సందుకున్నాను.

బడిలో సంతకం పెట్టి తిరగ్గానే పెద్ద టీచరమ్మ, "వీపు మీద ఏంటమ్మా అది?" అంది. అద్దం లేదు, ఆమే చెప్పింది, ఐదు వేళ్ళతో సహా బూడిద చెయ్యి అచ్చుపడిందట. "కడుక్కోండి, నీళ్ళు తెప్పిస్తాను" అంది. "ఉండనీండి మేడం" అన్నాను. ఆ రోజంతా పిల్లలు నా వీపు చూసి నవ్వుతుంటే నాకు భలే సంతోషంగా ఉండింది.

సాయంత్రం భయపడుతూనే ఇంటికి వచ్చాను. పెరట్లో నేను చూసింది నేనే నమ్మలేకపోయాను. మా మామ పంచె ఎగగట్టుకొని బండ ముందు కూర్చొని టీ గిన్నె తోముతున్నాడు. పొద్దున నేను పోయాక తిమ్మప్ప లేచి పోయి బండ దగ్గర కూర్చున్నాడట. ఇంటికొచ్చిన మనిషి అంట్లు తోముతుంటే చూస్తూ కూర్చోలేక మామ కూడా కూర్చున్నాడట. సావిత్రక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతూ చెబుతోంది. గోడ మీద తల ఉండనే ఉంది.

"సుంకన్నా, అడుగు సూడు, మసి అట్లనే ఉంది!"

"సూస్తాండా తల్లీ, సూస్తాండా!"

పెద్దమ్మ ఇప్పుడు లేదు. నా జీతం, నా బడి, నేను అక్షరాలు దిద్దించిన పిల్లలు, అన్నిట్లోనూ ఆమె ఉందని నేను అందరికీ చెబుతుంటాను. అంట్లు తోమడం ఆమె నాకు ఎంత బాగా నేర్పిందో, అవి మిగిలి ఉండగానే లేచి పోవడం కూడా అంత బాగా నేర్పింది. రెండోదే కష్టం. ఇన్నేళ్ళలో ఒక్క పొద్దునైనా మా ఇంట్లో పని పూర్తిగా అయిపోయింది లేదు, నాకు ఒక్కనాడూ బస్సు తప్పింది లేదు. ఆ నూలుచీర మీది బూడిద మొదటి ఉతుకుకే పోయింది. గడప దగ్గర నా కాళ్ళు తడబడినప్పుడల్లా మాత్రం వీపు మీద ఒక తడి చెయ్యి తగులుతుంది, నేను వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాను.