మనవరాలి మొహం, రొయ్య ఒళ్లు

ఆగస్టు నెల, ఆదివారం, మధ్యాహ్నం. ఉప్పలగుప్తంలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, మా ఆవిడ, మా అబ్బాయి, కోడలు, పదో తరగతి చదివే మనవరాలు.

మా అబ్బాయికి రొయ్యల చెరువులున్నాయి. సెలవు రోజుల్లో మనవరాలు వాళ్ల నాన్నతో చిన్న పడవెక్కి, రొయ్యలకు మేత చల్లుతూ పాటలు పాడుతుంది. ఆ వీడియోలు ఫోనులో పెడుతుంది. చూసేవాళ్లు బాగానే పెరిగారు. ఆ వారం ఎవరో ఆమె మొహాన్ని ఒక రొయ్య ఒంటికి అతికించి, "కంపు పాట" అని రాసి, క్లాసంతా తిప్పారు. ఆమె వీడియోల కింద కూడా ఎవరెవరో పాడుమాటలు రాశారు. అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే అప్పుడు తెలిసింది మాకు.

"అన్నీ తీసేస్తాను నాన్నా. ఇంక పాడను."

"ముందా ఫోను లాక్కోండి" అంది మా ఆవిడ.

"దాని ఫోనెందుకమ్మా? రాసేరు చూడు, వాళ్ల ఫోన్లు లాక్కోవాలి గానీ" అన్నాడు మా అబ్బాయి. చెయ్యి కడుక్కొచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. ఆ మాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒక్కోదాన్నీ ఫోటో తీసి దాచి, ఫిర్యాదు పెట్టాడు. "రేపు హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడతాను. పాడతావో మానేస్తావో మాత్రం నువ్వే చెప్పాలమ్మా. నీ ఇష్టం" అన్నాడు. తర్వాత ఆ బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఒసే, ఇది ముప్పై కౌంటు రొయ్యే! కేజీకి ముప్పయ్యే తూగుతాయి. మన చెరువులో ఇంత సైజు ఎప్పుడైనా వచ్చిందా?"

పిల్ల ముక్కు చీదుతూనే నవ్వేసింది.

ఈలోగా కోడలు తన ఫోను తీసింది. మా వైపు కొత్త మనిషి కనిపిస్తే ముందు అడిగేది, ఏ ఊరు, ఎవరి తాలూకా, అంటే ఎవరింటి మనిషి అని. ఆ అలవాటుతోనే ఆమె ప్రతి పాడుమాట కిందా రాసుకుంటూ పోయింది: "బాబూ, నేను ఈ పాప వాళ్లమ్మనండి. మీదే ఊరండి? ఎవరి తాలూకండి? అమ్మగారు బాగున్నారా?"

"అమ్మా! తిట్టేవాళ్లని అండీ అంటావేంటే!" మనవరాలు తల పట్టుకుంది.

"ఆయ్, మరి ముక్కూ మొహం తెలీనివాళ్లని ఏమనాలే?"

మేం టీలు తాగేలోపే ఆ మాటలు ఒక్కొక్కటీ మాయమవడం మొదలైంది. ఒకడు మాత్రం, "మాది అమలాపురం, ఆంటీ. అమ్మకి చెప్పకండి" అని రాసి, వెంటనే అదీ తీసేశాడు.

"అమలాపురంలో ఎవరి తాలూకో కనుక్కోవే!" అని మా ఆవిడ కోడలి వెంటపడింది.

రొయ్య బొమ్మ మాత్రం పోలేదు. మనవరాలు ఏ సంగతీ తేల్చకుండానే పడుకుంది.

మర్నాడు పొద్దున్నే, బడి బట్టల్లో చెరువు గట్టుకు వచ్చి నా చేతిలో ఫోను పెట్టింది. "నిలువుగా పట్టుకో తాతయ్యా. నా తల తెగ్గొట్టకు."

అబ్బాయి పడవ తోశాడు. ఆమె మేత చల్లుతూ పాటంతా పాడింది. తీరా చూస్తే నేను బటన్ నొక్కలేదు.

"పర్లేదులే" అని, మళ్లీ మొదటి నుంచి అందుకుంది.