వెనక చక్రాలకు స్నో టైర్లు

పెన్సిల్వేనియా కొండదారిలో కలిసిన ఆ తెలుగాయన మీద నాకు ఇంకా కోపం పోలేదు. మంచు పెరుగుతోందని నేనూ, నా భార్యా, పాపా రెస్ట్ ఏరియాలో కారు ఆపాం. పక్క కారాయన మా తెలుగు విని వచ్చి, నా కొత్త కారు టైర్లు చూసి పకపకా నవ్వాడు.

"మంచు మీద పట్టు కోసం వేసే స్నో టైర్లు వెనక వేశారేంటి బాబూ? ఈ కార్‌ని లాగేది ముందు చక్రాలు కదా! తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టుంది."

"మా పాత కార్‌కి వెనకే వేసేవాణ్ణి. మీరు చెప్పక్కర్లేదు," అన్నాను.

ఆయన నా భార్య వైపు తిరిగి, "అమ్మా, కొండ దిగేదాకా పాపతో నా కార్‌లో రండి. నాలుగూ స్నో టైర్లే," అన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆమె కూడా అడగకుండానే వెళ్లి ఎక్కింది.

పళ్లు కొరుక్కుంటూ వాళ్ల వెనకే బయలుదేరాను. రెండో మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిరగలేదు. నేరుగా పోయి, కుడి పక్కతో రోడ్డు అంచునున్న ఇనుప కంచెను గుద్దుకుంది. కుడివైపు ముందు తలుపు లోపలికి నలిగిపోయింది. నా భార్య పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చునే చోటు అది.

ఆయన కారు ఆపి, నడిచి వచ్చి, ఆ తలుపు చూశాడు. మిగతా దారి నేనూ ఆయన కారులోనే వెళ్లాను, నిద్రపోతున్న పాపను ఒళ్లోకి తీసుకుని.