కమిషనరు గారికి నచ్చిన బొమ్మ

ఆ రోజుల్లో నాకు కోపం వస్తే బొమ్మ గీసేవాణ్ణి. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని కాలం అది. పొద్దున్నే టీ దుకాణం దగ్గర కూర్చుని ఊళ్లో పెద్దమనుషులకి ముక్కులు పొడిగించి, చెవులు సాగదీసి, ఆ కాగితం ఫొటో తీసి మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. నా బొమ్మ చూశాడంటే అవతలివాడు సిగ్గుతో తెల్లారేసరికి మారిపోతాడని గట్టి నమ్మకం. (ఎవరూ మారలేదు. మా పాలతను మాత్రం నీళ్లు కలపడం కొన్నాళ్లు తగ్గించాడు.) ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకం మీదే నాకు జాలి.

మాది విజయనగరానికి బస్సులో గంట దూరంలో ఉన్న చిన్న పట్నం. మా వీధి పొడుగునా మురుగుకాలువ ఉండేది, దాని మీద పలకలు ఉండేవి కావు. ఎండాకాలం కంటికి కనిపిస్తుంది కాబట్టి దాటుకుని వెళ్లేవాళ్లం. వాన పడితే రోడ్డేదో కాలువేదో తెలిసేది కాదు. అలాంటి ఒక వాన సాయంత్రం మా మేనత్త గుళ్లో భజనకని బయల్దేరి అందులో పడిపోయింది. అత్త సంగీతం టీచరుగా చేసి రిటైరైన మనిషి. వీధంతా ఆవిణ్ణి సరిగమలత్త అనేవారు. మేం పరిగెత్తుకెళ్లి పైకి లాగితే, తుంటి విరిగిన సంగతి ఇంకా ఎవరికీ తెలియక ముందు, ఆవిడ అన్న మొదటి మాట, "నా తాళాలు మురుగులో ఉండిపోనాయిరా, బేగి ఎతకండి" అని. (మేం ఇంటి తాళాలనుకుని వెతికాం. ఆవిడ అడిగింది భజన తాళాలు.)

ఆపరేషనయి అత్త ఇంటికొచ్చిన రోజున నేను కసిగా ఒక బొమ్మ గీశాను. మా మున్సిపల్ కమిషనరు కాలువ గట్టున కుర్చీ వేసుకుని గాలం వేస్తున్నాడు. ఇంజినీరు ఆయనకి గొడుగు పట్టాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు పక్కనే బాణలి పెట్టుకుని చేప కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ బొమ్మ ఒక్క రోజులో ఊరంతా తిరిగింది. మర్నాడే ఫోనొచ్చింది, కమిషనరు గారు రమ్మంటున్నారని.

అత్త కొడుకు, అంటే మా బావ, ఆటో నడుపుతాడు. నన్ను ఎక్కించుకున్నాడు. "కేసు పెడతారంటావా బావా?" అని అడిగితే, "పెడితే మంచిదే గదేటి. పేపర్లో వస్తాది, కాలవ సంగతి నలుగురికీ తెలుస్తాది. నువ్వు మాత్రం ఎనక్కి తగ్గకు" అన్నాడు. జైలుకెళ్లేది తను కాదు కాబట్టి బావ చాలా ధైర్యంగా ఉన్నాడు. దారి పొడుగునా నేను చెప్పాల్సిన నాలుగు మాటలూ గట్టిగా వల్లించుకున్నాను.

గదిలో అడుగుపెట్టేసరికి నా బొమ్మ రంగుల్లో ప్రింటయి ఆయన టేబుల్ అద్దం కింద ఉంది. "నువ్వేనా ఆర్టిస్టువి? కూర్చో నాయనా" అని కమిషనరు గారు టీ తెప్పించారు. "మా ఆవిడ చూసి అచ్చం మీరేనండీ అంది. ఒక్కటే లోపం. గాలం ఎడం చేత్తో పట్టించావు. నాది కుడిచేతివాటం." పక్కనున్న ఇంజినీరు, తన మొహం సగం గొడుగు చాటున పడిపోయిందని బాధపడ్డాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు మొహమాటపడుతూ, జుట్టు కొంచెం ఒత్తుగా వేసుంటే బాగుండేదన్నాడు.

నేను అత్త తుంటి సంగతి చెప్పాను. ముగ్గురూ నిజంగానే అయ్యో అన్నారు. "కాలువ ఇంజినీరింగు వాళ్లది, అందులో మురుగు మాది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎస్టిమేటు పైకి పంపాం" అన్నాడు ఇంజినీరు. మరి అందులో పడ్డ మనిషి ఎవరికి చెందుతుందండీ అని అడిగాను. అప్పుడు కమిషనరు గారు నా భుజం మీద చెయ్యేసి, ఊరి శుభ్రత చూడటానికి పైనుంచి బృందం వస్తోందని, కాలువ పక్క గోడ మీద మంచి బొమ్మలు వేసిపెడితే తర్వాత పలకల పనే మొదలుపెడతామని అన్నారు. ఆ మాట ఎంత ఆప్యాయంగా అన్నారంటే, నేను వల్లించుకున్న నాలుగు మాటలూ టీతోపాటే కడుపులోకి వెళ్లిపోయాయి.

వేశాను. హంసలు, తామరలు, నీలంగా పారే సెలయేరు. బృందం వచ్చి హంసల ముందు ఫొటోలు దిగింది. నాకు శాలువా కప్పారు. పండక్కి ముందే కమిషనరు గారికి బదిలీ అయింది. వెళ్తూ నా బొమ్మ ఫ్రేము కట్టించుకుని పట్టుకెళ్లారట. కొత్తాయన వచ్చి ఎస్టిమేటు మళ్లీ వేయాలన్నారు.

అత్త వాకరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆ గోడ చాలాసేపు చూసింది. "నీరు ఎంత తేటగా ఉన్నాదిరా" అంది. తర్వాత నెమ్మదిగా, "ఆడ్ని తిట్టీసినాననుకున్నావు నువ్వు. నన్నెంత బాగా గీసినాడో అనుకున్నాడు ఆడు. సిగ్గు లేనోడికి బొమ్మేటి సేస్తాదిరా. పోనీ, హంసలు బాగున్నాయి" అంది. ఆవిడ మళ్లీ గుడికి వెళ్లలేదు. కొన్నాళ్లు భజన వాళ్లే శనివారాలు ఇంటికొచ్చేవారు, తర్వాత ఒక్కొక్కరే మానేశారు. పలకలు పడ్డాయి, కానీ అత్త పోయాక. ఆవిడ తాళం వేసుకుంటూ వాటి మీద నడిచి గుడికి వెళ్లడం నేను చూడలేకపోయాను. ఆ బాధ ఇంతవరకూ పోలేదు.

ఇప్పుడు నాకు విజయనగరంలో ఫ్లెక్సీల దుకాణం ఉంది. నాయకుల పుట్టినరోజులు, అధికారుల స్వాగతాలు అన్నీ నేనే వేస్తాను. "అన్నా, సారుకి గెడ్డం కింద ఆ ముడత తీసీ" అని ఎవరో ఒకరు రోజూ అడుగుతారు. తీసేస్తాను. కానీ వాళ్లు టీకని బయటికెళ్లినప్పుడు, తీసే ముందు, ఆ గెడ్డం కింద ఇంకో గెడ్డం, దాని కింద ఇంకోటి పెట్టి, కంప్యూటరు తెర నిండిపోయేదాకా సాగదీసి, ఒక్కణ్ణీ కూర్చుని కాసేపు నవ్వుకుంటాను. అడుగుల చప్పుడు వినగానే అంతా చెరిపేసి, సారుని మళ్లీ కుర్రాణ్ణి చేసి ప్రింటుకి పంపిస్తాను.