మూడో స్తంభం మీది పాలపిట్ట

నా చిన్నప్పుడు మా ఇంటికి రెండు తలుపులుండేవి, నా నోటికి మాత్రం ఒక్కటీ లేదు. చెవిలో పడ్డ మాట లోపల ఒక పూట కూడా నిలిచేది కాదు. బయటికి పోయేటప్పుడు ఊరికే పోకుండా ఇంకో నాలుగు మాటల్ని వెంటబెట్టుకొని పోయేది. ఇవాళ మనవల ముందు ఈ సంగతి నవ్వుతూ ఒప్పుకుంటాను. కానీ అయిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ తెలివితక్కువతనం నా ప్రాణం మీదికి రాలేదు, ఒక పిట్ట ప్రాణం మీదికి తెచ్చింది. 

మేము ఫలక్‌నుమా స్టేషన్‌కు అవతల, పట్టాల పక్క బస్తీలో ఉండేవాళ్ళం. మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. నేను చదివింది రేకుల కప్పు సర్కారు బడి. ఏటా దసరా సెలవులకు ముందు అటవీ శాఖ నుంచి ఒక గార్డు సారు సైకిలు మీద మా బడికి వచ్చేవాడు. ఖాకీ బట్టలు, ఖాకీ టోపీ, క్యారియర్‌కు తాడుతో కట్టిన రేకు పెట్టె. ఆ పెట్టెలో పాము విడిచిన కుబుసం, దుప్పి రాల్చిన కొమ్ము, గిజిగాడి గూడు, ముళ్లపంది ముళ్ళు ఉండేవి. ఆయన వచ్చిన రోజు మా పంతులు కూడా బెత్తం బల్ల మీద పెట్టి, మా బెంచీ చివర ఒదిగి కూర్చునేవాడు.

చరిత్రనూ చెట్టూ చేమనూ ఆయన ఒకే పెట్టెలోంచి తీసేవాడు. పట్నంలో బాగ్ అని పేరున్న బస్తీలన్నీ మాతో చెప్పించి, బాగ్ అంటే తోట కదా, అక్కడ ఇప్పుడు చెట్లున్నాయా అని అడిగాడొకసారి. లేవు సార్ అని మేము ఎంతో సంతోషంగా అరిచాం. జవాబు తెలిసినందుకు సంతోషం. ఆయన మాత్రం పెట్టె మూత దించాడు.

ఆ ఏడు ఆయన పాలపిట్ట గురించి చెప్పాడు. దసరా నాడు పాలపిట్టను చూడనిదే మా వైపు పండుగ పూర్తి కాదు. జమ్మి ఆకు చేతిలో పెట్టుకొని, కౌగిలించుకొని అలాయి బలాయి ఇచ్చుకునే లోపల ఆ నీలి రెక్కలు ఒక్కసారి కంట పడాలి. పట్టాల పక్క బస్తీల్లో పిట్టలెక్కడివి? అందుకని ఒక మనిషి పాత లుంగీ గుడ్డ కప్పిన పంజరంతో గడప గడపకూ వచ్చేవాడు. పావలా చేతిలో పడితే గుడ్డ ఎత్తేవాడు, మేము దండం పెట్టేవాళ్ళం. పిల్లలందరం అతణ్ణి పంజరం మామ అనేవాళ్ళం.

"ఎనకట మనోళ్ళు పొలిమేర దాటి పోయి పిట్టను చూసి వచ్చేటోళ్ళు," అన్నాడు గార్డు సారు. "పిట్ట కాడికి మనిషి పోవాలె. గిప్పుడేంది, పిట్టనే కట్టేసి మన గడపకు తెస్తున్నరు. ఇగ పండుగ ఎవలకురా, మనకా, దానికా?"

తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. జల్‌పల్లి చెరువు తూము దగ్గర, కట్ట దిగగానే మూడో కరెంటు స్తంభం మీద, మూడేళ్ళుగా ఒకే పాలపిట్ట వచ్చి కూర్చుంటోందట. దాని కుడి కాలికి ఒక వేలు లేదట. దసరా పొద్దున మమ్మల్ని తనే తీసుకుపోయి చూపిస్తానన్నాడు. అప్పటిదాకా ఈ మాట గది దాటొద్దన్నాడు.

"అదేం తింటదో ఎవలకన్న ఎర్కేనా?" అని అడిగాడు. మిడతలు సార్ అన్నాను నేను. ఆయన తన టోపీ తీసి నా తల మీద పెట్టాడు. అది నా చెవుల దాకా దిగింది. "ఇయాల్టి సంది ఆ పిట్టకు నువ్వే గార్డువు," అన్నాడు. టోపీ గంట కొట్టగానే తిరిగి ఆయన తల మీదికి పోయింది. దాని బరువు మాత్రం నా తలకెక్కి అక్కడే ఉండిపోయింది.

ఇంట్లో మా నాయనమ్మ మంచం మీద ఉంది. అంతకు ముందు వరకూ ఏ దసరాకూ ఆమె పంజరం ముందు చెయ్యి జోడించలేదు. తెల్లవారుజామునే నన్ను వెంటబెట్టుకొని పొలాల దాకా నడిచేది, కనబడితే చూసేది, కనబడకపోతే వచ్చే ఏడు చూద్దాం లెమ్మనేది. ఆ వానకాలం మెట్టు మీద జారి తుంటి విరిగింది. అందుకని ఆమె కాళ్ళు చేసే పని ఆ ఏడు నా కళ్ళు చెయ్యాలని మా ఇద్దరికీ ఒప్పందం. నేను పోయి చూసి రావాలి, వచ్చి ఏ రంగు ఎక్కడుందో ఈక ఈక చెప్పాలి.

పండుగ ఇంకా మూడు రోజులుందనగా, చాయ్ బండి దగ్గర పంజరం మామ ఖాళీ పంజరం పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. నా టోపీ కథ అప్పటికి బస్తీ అంతటికీ తెలుసు. ఎవరు చెప్పి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

"ఏం గార్డు సాబ్, ఎటు సవారి?" అన్నాడు.

"పంజరం ఖాళీ ఉన్నదేంది మామా?"

"ఒక్కటి దొరుకుతలేదు బిడ్డా. ఇయ్యేడు పాలపిట్టలే లెవ్వు. మీ గార్డు సారుకు గూడ తెల్వది, ఉత్తగ చెప్తడు. ఇగ నీకేం తెలుసు!"

అతను అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణి కాదేమో. అతను అడగలేదు, నమ్మలేదంతే. నా బోటి వాడికి అడగడం కన్నా నమ్మకపోవడం పెద్ద తాళంచెవి. ఎందుకు తెల్వదు అంటూ చెరువు చెప్పాను, తూము చెప్పాను, మూడో స్తంభం చెప్పాను, లేని వేలు కూడా చెప్పాను. "మస్తు తెలివి ఉన్నది బిడ్డా నీకు," అని పంజరం మామ తన బిస్కెట్టు సగం విరిచి, చాయ్‌లో ముంచి నా చేతిలో పెట్టాడు. నేను తిన్నాను. చాలా బాగుంది. ఆ మాట రాయడానికే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

దసరా పొద్దున గార్డు సారు సైకిలు చేత్తో నడిపించుకుంటూ ముందు నడిచాడు. వెనక మేము ఇరవై మందిమి, కొత్త బట్టల్లో. కట్ట దిగేసరికి ఎండ పొడుస్తోంది. మొదటి స్తంభం, రెండో స్తంభం, మూడోది. దాని మీద ఏమీ లేదు. ఆయన చాలాసేపు తల పైకెత్తి నిలబడ్డాడు. తర్వాత కిందికి చూశాడు. గడ్డిలో పిట్టలు పట్టే బంక పూసిన వెదురు పుల్ల ఒకటి, దానికి అంటుకొని నీలి ఈక ఒకటి ఉన్నాయి.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవడు చెప్పిండ్రా, నువ్వా, నువ్వేనా అని లొల్లి మొదలైంది. గార్డు సారు చెయ్యెత్తి ఆపాడు.

"ఎవల్ని అనకుండ్రి. గింతమందికి ముందు చెప్పింది నేనే గద. తప్పు నాది," అన్నాడు.

ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. నేనే సార్ అందామని నోరు తెరవబోయాను. ఇన్నాళ్ళూ తలుపే లేని నోటికి ఆ పొద్దున ఎక్కడి నుంచో తలుపు వచ్చి పడింది, గడియతో సహా.

సాయంత్రం పంజరం మామ మా గల్లీకి వచ్చాడు. నడవలేని అవ్వ ఉందని మా నాయన అతణ్ణి ఇంట్లోకే పిలిచాడు. నాయనమ్మను లేపి కూర్చోబెట్టారు. గుడ్డ ఎత్తాడు. పిట్ట పంజరం మూల ఒరిగి ఉంది. రెక్కలు దారంతో చుట్టి ఉన్నాయి, ఈకలు బంకతో అట్టకట్టాయి. నేను కాళ్ళ వైపు చూడొద్దనుకుంటూనే చూశాను. కుడి కాలికి ఒక వేలు లేదు.

నాయనమ్మ చేతులు జోడించబోయి మధ్యలో ఆగింది. "ఏంది నాయినా, నిలబడుతలేదు?" అంది.

"పండుగ గద అవ్వా, పొద్దటి సంది తిరిగి తిరిగి అలిసింది," అన్నాడు పంజరం మామ.

"తిరిగింది నువ్వు గద, అదెట్ల అలిసింది?" అని ఆమె పిట్ట వైపే చూస్తూ కూర్చుంది. "నా లెక్కనే ఉన్నది. నన్ను మంచం మీద పడేసింది దేవుడు. దీన్నెవలు పడేసిండ్రో!"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళం ఆ గదిలో ఇద్దరం ఉన్నాం. ఒకడు గుడ్డ సర్దుకుంటున్నాడు. రెండోవాడు కొత్త చొక్కా గుండీ విప్పుతూ పెట్టుకుంటూ ఉన్నాడు.

అంతలో గల్లీ మొదట్లో సైకిలు గంట వినబడింది. గార్డు సారు మధ్యాహ్నం నుంచి బస్తీ బస్తీ తిరుగుతున్నాడట. ఖాకీ బట్టలు గుమ్మంలో కనబడగానే పంజరం మామ పంజరం వదిలేసి, పెరటి తలుపు గుండా మాయమయ్యాడు. చెప్పాను కదా, మా ఇంటికి రెండు తలుపులని.

ఆయన పిట్టను రెండు చేతుల్లోకి తీసుకొని, దారం విప్పి, నా వైపు తిరిగాడు. "మిడతలు పట్టుడొస్తదా?" అని అడిగాడు. బడిలో జవాబు చెప్పింది నేనే కనుక నన్నడిగాడనుకున్నాను.

ఆయన ఇల్లు జల్‌పల్లి రోడ్డు మీద, వేపచెట్టు పక్కన ఒంటి గది. పిట్టను అక్కడే ఉంచుకొని, పల్లీ నూనె, కుంకుడు రసంతో రోజూ కొంచెం కొంచెం బంక వదిలించేవాడు. నేను పట్టాల పక్క గడ్డిలో మిడతలు పట్టి, అగ్గిపెట్టెలో వేసుకొని పరుగెత్తేవాణ్ణి. దారి పొడుగునా, ఇవాళ చెప్పేయాలి అని మాటలు పేర్చుకునేవాణ్ణి. వేపచెట్టు కనబడేసరికి మిడతలు పెట్టెలోనే ఉండేవి, మాటలు మాత్రం ఎగిరిపోయేవి. సెలవులన్నీ అట్లాగే గడిచాయి. బడి తెరిచాక కూడా కొన్నాళ్ళు పోయాను.

ఒక పొద్దున దాన్ని బుట్టలో పెట్టుకొని ఇద్దరం తూము దగ్గరికి వెళ్ళాం. మూత నన్ను తియ్యమన్నాడు. తియ్యబోతుంటే, "ఆగు, కండ్లు మూస్కో," అన్నాడు.

"ఎందుకు సార్?"

"ఎటు పోయిందో చూస్తే చెప్పాలనిపిస్తది."

నాకు మొహం కాలిపోయింది. ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తే, ఆయన కూడా కళ్ళు గట్టిగా మూసుకొని నిలబడి ఉన్నాడు. నేనూ మూసుకున్నాను. బుట్ట తేలికైంది. రెక్కల చప్పుడు, బొంగురుగా ఒక అరుపు, తర్వాత నీళ్ళ మీద గాలి. ఇంటికి రాగానే నాయనమ్మ ఎటు పోయిందిరా అని అడిగింది. తెల్వదు అన్నాను. ఆ మాట నేను నిజంగా అనడం అదే మొదలు. ఆమె నవ్వి, "మంచిగైంది," అంది.

మరుసటి ఏడు దసరా ఇంకా పదిహేను రోజులుందనగా, అదే చాయ్ బండి దగ్గర పంజరం మామ మళ్ళీ కనబడ్డాడు. కొత్త పంజరం, అదే లుంగీ గుడ్డ. "ఏం గార్డు సాబ్, ఇయ్యేడు నీకేం తెల్వది కావచ్చు," అన్నాడు, బిస్కెట్టు విరుస్తూ.

ఈసారి నేను బిస్కెట్టు తీసుకోలేదు. అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి పోయి, జల్‌పల్లి రోడ్డు మీద వేపచెట్టుందని, దాని పక్కన ఒంటి గది ఉందని, వెనకాల తీగ మీద తెల్లవారకముందే జంట పాలపిట్టలు వచ్చి కూర్చుంటాయని చెప్పాను. ఆ గది ఎవరిదో అతను అడగలేదు కనుక నేనూ చెప్పలేదు.

ఆ వారంలోనే గార్డు సారు మా బడికి వచ్చాడు. పెట్టె తెరవకుండానే మొదలుపెట్టాడు. "మొన్న పొద్దుగాల మా ఇంటికి ఒక చుట్టం వచ్చిండు. నేను ఎనకాల వేపపుల్లతోని పండ్లు తోముకుంటున్న. ఆయన చేతిల బంక కట్టె, కండ్లు తీగె మీద. తీగె కింద నేనున్న సంగతి చూస్కోలేదు పాపం. ఠాణా దాంక సైకిలు మీద కూసుండబెట్టుకొని పోయిన."

తరగతి అంతా విరగబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. మధ్యలో ఒక్క సంగతి తట్టి ఆగిపోయాను. పిట్ట జాడ కోసం ఎవడైనా వెతుక్కుంటూ వచ్చేది, ఇంతకు ముందు ఒకసారి చెప్పినవాడి దగ్గరికే కదా. తన గది జాడ చెప్పింది నేనని తెలిస్తే, పోయిన ఏడు చెప్పిందీ నేనేనని ఆయనకు తెలిసినట్టే.

గార్డు సారు నా బెంచీ దాకా నడిచి వచ్చాడు. టోపీ తీసి నా తల మీద పెట్టాడు. ఈసారి అది చెవుల దాకా దిగలేదు. నాకు మాత్రమే వినబడేట్టు వంగి, "గీసారి మంచి పతా ఇచ్చినవ్ బిడ్డా," అన్నాడు.

పతా అంటే చిరునామా. కానీ గీసారి అనే ఆ ఒక్క మాటలో పోయినసారి మొత్తం ఉంది. నేను అగ్గిపెట్టెతో పరుగెత్తిన ఆ పొద్దులన్నిట్లోనూ ఆయనకు ఆ సంగతి తెలుసు.

ఆ వేపచెట్టు ఇప్పుడు లేదు, ఆ గదీ లేదు, ఆయనా లేడు. నేను చేసింది మాత్రం ఉంది, చాయ్‌లో నానిన బిస్కెట్టు లాగా, పట్టుకుంటే చేతికి అంటుతుంది. దసరా పొద్దున మనవలను తీసుకొని కట్ట వైపు నడుస్తాను. కనబడితే చూస్తాం, కనబడకపోతే వచ్చే ఏడు చూద్దాం లెమ్మంటాను. ఎగిరిపోయేటప్పుడు కళ్ళు మూసుకోమంటే వాళ్ళు నవ్వుతారు, కానీ మూసుకుంటారు. ఇక తెలియని మనిషెవరైనా దారిలో ఆపి, పెద్దాయనా, పాలపిట్టలు ఎక్కడ కనబడతాయి అని తియ్యగా అడిగితే, అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి పోయి, ఇప్పటికీ ఆ ఒంటి గది పతాయే చెబుతాను.