ముందు జాగ్రత్తగా నాలుగు ముళ్ళు

అజాగ్రత్త వల్ల దెబ్బలు తిన్నవాళ్ళ కథలు మీరు బోలెడు విని ఉంటారు. జాగ్రత్త వల్ల, అచ్చంగా జాగ్రత్త వల్లే, యూనివర్సిటీ గ్రౌండులో పదిమంది పెద్దల ఎదుట బురదలో బోర్లాపడి ఈడ్చుకుపోయిన మనిషి గురించి వినకపోతే కాస్త ముందుకు జరగండి. కుర్చీ అంచున మాత్రం కూర్చోకండి, జారుతుంది.

ఆ మనిషిని నేనే. రెండేళ్ళ కిందటి మాట. అప్పటికి మా నిత్యకు ఆరేళ్ళు. తార్నాకలో మూడో అంతస్తులో మా ఫ్లాటు. కిటికీకి గ్రిల్లు ఉండేది, గ్రిల్లుకు వల ఉండేది, వల వెనకాల నేను ఉండేదాన్ని. పాలు వేడిగా ఉన్నాయేమో నేను చూసి, మా ఆయనతో చూపించి, ఆయన సరిగ్గా చూశాడో లేదోనని మళ్ళీ నేను చూసేదాన్ని. పిల్ల తాగే వేళకు అవి చల్లారిపోయేవి. చల్లటి పాలకు జలుబు చేస్తుందని మళ్ళీ వేడి చేసేదాన్ని.

ఇలా హాయిగా భయపడుతూ బతుకుతుండగా స్కూల్లో పేరెంట్స్ మీటింగు వచ్చింది. టీచరమ్మ మార్కుల కాగితం పక్కన పెట్టి జారుడుబండ గురించి మొదలుపెట్టింది.

"నిత్య జారుడుబండ ఎక్కదు మేడమ్. కింద నిలబడి ఎక్కేటోళ్ళకు జాగ్రత్తలు చెప్తది. పడితే కుట్లు పడ్తయంటది. ఎక్కడ పడితే ఎన్ని కుట్లో కూడా చెప్తది. పిల్లలు ఆమెను ఆటకు పిలుస్తలేరు ఇప్పుడు. వాచ్‌మన్ ఆంటీ అంటున్నరు."

ఆరేళ్ళ పిల్లకు వాచ్‌మన్ ఆంటీ అని పేరు. తిరిగొచ్చేటప్పుడు నేను, మా ఆయన, నిత్య ఆటో ఎక్కాం. మెట్టుగూడ దాటాక మా ఇద్దరి మధ్యలోంచి నిత్య మెల్లగా అంది: "అమ్మా, చెయ్యి బయట పెట్టకు." నేను పెట్టలేదు. పెడతానేమోనని ముందే చెప్పింది.

పిల్ల నా అచ్చు. ఒక్కర్తీ గోడవారన కూర్చుని టిఫిన్ డబ్బా తినే నిత్య కళ్ళముందు కదలాడింది. పిల్లకు ధైర్యం రావాలంటే ముందు నాలో కనిపించాలి, అది చూస్తుండగా నేనొక సాహసం చెయ్యాలి అని నిర్ణయించుకున్నాను. ఏ సాహసం? ఈత అంటే నీళ్ళు. స్కూటీ అంటే రోడ్డు. పతంగి ఎగరేద్దామంటే మాంజా దారం మెడలు కోస్తుంది. ఫోన్లో వెతకగా వెతకగా ఒక వీడియో దొరికింది. సముద్రం ఒడ్డున ఒకావిడ రెండు చేతుల్లో రెండు దారాలు పట్టుకుని పెద్ద పతంగిని గిరగిరా తిప్పుతోంది. స్టంట్ పతంగి అట. కుడి దారం లాగితే కుడికి, ఎడమ దారం లాగితే ఎడమకు తిరుగుతుంది. మాంజా లేదు. చూడటానికి సాహసం, చెయ్యడానికి క్షేమం. నాకు కావలసిన ధైర్యం సరిగ్గా అలాంటిదే.

ఇక్కణ్ణుంచి నా తెలివితేటలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ రండి. ఈ పతంగుల్లో రెండు రకాలున్నాయి. పుల్లలున్నది కంట్లో గుచ్చుకుంటుంది కాబట్టి పుల్లల్లేకుండా గాలి నిండితే దిండులా ఉబ్బే గుడ్డ పతంగి ఎంచుకున్నాను. చిన్నవి వేగంగా తిరుగుతాయి, పెద్దవి నిదానం అని రాసి ఉంది. నిదానం మంచిదే కదా అని అన్నిట్లోకీ పెద్దది తెప్పించాను. మా ఆయన విప్పి పరిస్తే హాల్లోంచి వంటింటి గడప దాకా వచ్చింది.

"ఏందే ఇది, షామియానా తెప్పించినవా? దీని కింద మన పెళ్ళి మళ్ళా చెయ్యొచ్చు," అన్నాడు.

"పుల్లలు లేవు," అన్నాను గర్వంగా.

నేర్చుకోకుండా గ్రౌండుకు పోవడం ప్రమాదం కదా, అందుకని వారం రోజులు హాల్లోనే సాధన. మా ఆయనే పతంగి. ఆయన రెండు భుజాలకు రెండు చున్నీలు కట్టి, కొసలు నా చేతుల్లో పట్టుకున్నాను. కుడిది లాగితే కుడికి వెళ్ళేవాడు, ఎడమది లాగితే ఎడమకు. నిజం చెప్పాలంటే మా ఆయన పతంగిగా చాలా బాగా ఎగిరాడు. ఒక్కసారి మాత్రం చెప్పుల స్టాండు మీద కూలాడు. కింది ఫ్లాటావిడ పైకొచ్చి, చున్నీల్లో ఉన్న మా ఆయన్ని చూసి, ఏమీ అడగకుండా దిగిపోయింది.

మొదటి ఆదివారం గ్రౌండులో గాలి లేదు. పతంగి తడిసిన దుప్పట్లా పడుకుంది. అక్కడే చెట్ల పక్కన రోజూ పొద్దున పదిమంది పెద్దవాళ్ళు గుండ్రంగా నిలబడి నవ్వుతారు. ఆరోగ్యానికి నవ్వు మంచిదని పెట్టుకున్న నవ్వుల క్లబ్బు. దాని నాయకుడు మెట్టుగూడలో ఉండే గార్డు అంకుల్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు కానీ ఈల మాత్రం రిటైరవలేదు, మెళ్ళోనే వేలాడుతుంటుంది. ఆయన ఈల ఊదితే అందరూ నవ్వాలి. మళ్ళీ ఊదితే ఇంకా గట్టిగా నవ్వాలి. నా అవస్థ చూసి ఆయన దగ్గరికొచ్చి, తొందరపడొద్దు, గాలి అదే వస్తుందని ఓదార్చి వెళ్ళాడు.

రెండో ఆదివారం కొంచెం గాలి వచ్చింది. పతంగి లేచింది. పది సెకన్ల పాటు నేను ఆ సముద్రం ఒడ్డు ఆవిడనే. "అమ్మా, తిరుగుతుంది," అని నిత్య చప్పట్లు కొట్టింది. అంతలో కుడి దారం కొసనున్న చేతి పట్టీ జారిపోయింది. పతంగి వంకరగా పోయి, నిద్రపోతున్న కుక్క పక్కన పడింది. కుక్క ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. నాకు మాత్రం రెండు రాత్రులు నిద్ర లేదు. కుక్క స్థానంలో పసిపిల్లాడు ఉంటే? పట్టీ జారకూడదు. ఏం జరిగినా జారకూడదు.

మూడో ఆదివారం ఆషాఢం. రాత్రి జల్లు పడింది. నేల మెత్తగా ఉంది, పడ్డా దెబ్బ తగలదు. మబ్బు పట్టింది, వడదెబ్బ భయం లేదు. చెట్ల దగ్గరి నవ్వుల క్లబ్బు తప్ప జనం లేరు, ఎవరికీ తగలదు. అన్నీ నాకు అనుకూలమే. నిత్యకు సైకిల్ హెల్మెటు, మోకాళ్ళకు ప్యాడ్లు పెట్టి ఒక పక్కన నిలబెట్టాను. తరువాత పట్టీలు మణికట్లకు తొడుక్కుని, మా ఆయన చేత పాత చున్నీ పేలికలతో ఒక్కో చేతికి నాలుగేసి ముళ్ళు వేయించుకున్నాను. పెళ్ళిలో మూడే వేశాడు, అవి కూడా ఇంత గట్టిగా వెయ్యలేదు.

గార్డు అంకుల్ ఆకాశం వైపు చూసి వచ్చాడు. "ఇయ్యాల వద్దు బిడ్డా. ఆషాఢం గాలి గిది, దీనికి సిగ్నల్ ఉండది."

"అన్ని జాగ్రత్తలు తీసుకున్న అంకుల్," అన్నాను.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను ఇదే యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివాను. గాలి వేగం రెండింతలైతే లాగే బలం నాలుగింతలవుతుందని పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. పరీక్షలో రాసింది గ్రౌండులో కూడా గుర్తుండాలని మాకెవరూ చెప్పలేదు.

మా ఆయన దూరంగా వెళ్ళి పతంగిని ఎత్తి పట్టుకుని వదిలాడు. దబ్బుమని చప్పుడైంది. షామియానా నిండా ఆషాఢం నిండింది. నా రెండు చేతులూ వాటంతటవే ముందుకు చాచుకున్నాయి, వాటి వెనకాల నేను బయల్దేరాను. మెట్రో తలుపు మూసుకుంటుంటే తార్నాక స్టేషన్లో జనం ఎలా పరిగెడతారో అలా పరిగెత్తాను. కాకపోతే నాకు ఎక్కే రైలూ లేదు, దిగే స్టేషనూ లేదు. మా ఆయన పక్కకు దూకాడు. దాటిపోయాను.

"ఒక్క చెయ్యి లాగు, ఒక్కటే," అని వెనకనుంచి అరుస్తున్నాడు.

భయపడ్డ మనిషి ఒక్క చేత్తో లాగుతుందా? రెండు చేతులతోనూ బలమంతా పెట్టి లాగాను. రెండూ లాగితే అది ఎటూ తిరగదు, ఇంకా గట్టిగా ఈడుస్తుంది. కాళ్ళు కాసేపు నాతో వచ్చాయి, తరువాత మావల్ల కాదన్నాయి. బురదలో బోర్లా పడ్డాను. ప్రయాణం మాత్రం ఆగలేదు. నేల మెత్తగా ఉండాలని నేనే కోరుకున్నాను కదా, సబ్బు మీద జారినట్టు చక్కగా పోతున్నాను, సరాసరి నవ్వుల క్లబ్బు వైపు.

వాళ్ళు చేతులు పైకెత్తి నవ్వుతున్నారు. గార్డు అంకుల్ నన్ను చూసి, ఉద్యోగం గుర్తొచ్చిందేమో, రైలును ఆపినట్టు ఈల ఊదాడు. ఈల విన్న క్లబ్బు అలవాటు ప్రకారం ఇంకా గట్టిగా నవ్వింది. ఆయన కంగారుపడి మళ్ళీ ఊదాడు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతూ రెండుగా చీలి దారిచ్చారు. మధ్యలోంచి నేను గూడ్సు బండిలా వెళ్ళాను.

"వదులు బిడ్డా, దారం వదులు," అన్నాడాయన నా పక్కనే పరిగెత్తుతూ.

"ముడేసిన అంకుల్."

"ఎన్ని?"

"నాలుగు."

ఆయన ఆగిపోయాడు.

అప్పుడు వినిపించింది, పక్కనుంచి చిన్న చిన్న అడుగుల చప్పుడు. తల తిప్పి చూస్తే నిత్య. హెల్మెటు ఒక చెవి మీదికి ఒరిగిపోయింది, ఒక మోకాలి ప్యాడు జారిపోయింది, నీళ్ళగుంటలన్నీ తొక్కుకుంటూ "అమ్మా, అమ్మా" అని నా వెంట పరిగెత్తుకొస్తోంది. ఆరేళ్ళలో ఆ పిల్ల అంత వేగంగా పరిగెత్తడం నేను చూడలేదు. తల్లిగా ఆ క్షణంలో నేనేం చెయ్యాలి? గడ్డం దాకా బురదలో ఈడ్చుకుపోతూనే, కుడిచెయ్యి బలవంతంగా వెనక్కి లాక్కుని, చూపుడువేలు ఎత్తి అన్నాను:

"నిత్యా, పరిగెత్తకు. పడతావ్."

ఆ వేలే నన్ను కాపాడింది. కుడి దారం ఒక్కటే లాగడంతో పతంగి గిర్రున కుడికి తిరిగి, తలకిందులుగా వచ్చి, బురదలో చతికిలబడింది. వారం రోజులు హాల్లో నేర్చుకున్న విద్య చివరికి పిల్లను బెదిరించబోతే పనికొచ్చింది.

నిత్య రొప్పుతూ వచ్చి నా తల దగ్గర నిలబడింది.

"అమ్మా, నువ్వు పడ్డవ్ కదా."

"పడ్డ."

"కుట్లు పడ్తయా?"

గడ్డం తడుముకున్నాను, మోచేతులు చూసుకున్నాను. రెండు చోట్ల గీరుకుపోయింది, అంతే. "పడవ్," అన్నాను.

అది వంగి నా గడ్డం చూసింది. "మరి పడ్తయన్నవ్?"

ఫిజిక్స్ చదివినదాన్ని, ముందు హెల్మెటు సరిగ్గా పెట్టుకోమన్నాను.

తడిసిన ముళ్ళు ఎవరి గోళ్ళకూ లొంగలేదు. క్లబ్బులో ఒక పెద్దావిడ పండ్లు కోసుకునే చాకు తీసి పేలికలు కోసింది. మా ఆయన నన్ను లేపి, నవ్వు ఆపుకోవడానికి ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. గార్డు అంకుల్ ఆపుకోలేదు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "మూడేండ్ల సంది రోజు నవ్వుతున్నం బిడ్డా. నవ్వొచ్చింది మాత్రం ఇయ్యాల్నే."

పది రోజులకు స్కూలునుంచి ఫోన్. టీచరమ్మ గొంతు వినగానే ఎన్ని కుట్లని అడిగాను.

"నిత్య జారుడుబండ ఎక్కుతుంది మేడమ్," అంది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లలు ఆటకు పిలుస్తున్నారా అని అడిగాను. పిలవడమేంటి, క్లాసు క్లాసంతా దాని వెనకే లైన్లో నిలబడుతోందట.

"కానీ మేడమ్, కూర్చుని జారదు. బోర్లా పడుకొని, రెండు చేతులు ముందుకు చాపి, తల ముందుగ వస్తది. మా అమ్మ ఇట్లనే పోయింది అంటది. కింద పడేటప్పుడు అందరు కలిసి 'ముడేసిన అంకుల్' అని అరుస్తున్నరు. ఆ అంకుల్ ఎవరో మాకు తెల్వదు." గొంతు తగ్గించింది. "ఏమనుకోకండి మేడమ్. ఇంట్ల కొంచెం భయం చెప్పండి."

కాబట్టి ఇంటిల్లిపాదీ నిద్రపోయిన ఈ వేళ, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి ఉందని రెండుసార్లు చూసుకుని వచ్చి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆషాఢంలో పతంగి ముట్టను. ముట్టినా షామియానా అంతది ముట్టను. ముట్టినా నాలుగు ముళ్ళు చచ్చినా వేయించుకోను.

ఒక్కటి వేయించుకుంటాను. ముందు జాగ్రత్తగా.